పటం మీద ఇంత ఉంటే నేల మీద ఎంత? స్కేలు, దూరాల లెక్కలపై తరచుగా అడిగే ప్రశ్నలు

భూగోళశాస్త్రం ప్రాక్టికల్సుకు వచ్చే డిగ్రీ విద్యార్థులు, పోటీ పరీక్షలకు తయారయ్యేవారు, పొలం నక్షా మడతపెట్టి జేబులో పెట్టుకొచ్చే రైతులు అడిగే సందేహాలు పైకి వేరువేరుగా కనిపిస్తాయి. కాస్త గీకి చూస్తే అన్నీ ఒకటే: కాగితం మీద ఇంత ఉంటే నేల మీద ఎంత? నోటితో చెప్పి చెప్పి చివరికి రాసి పెట్టాను. వరసగా చదవనక్కర్లేదు, మీ సందేహం ఎక్కడుంటే అక్కడికే వెళ్లండి.

## పటం చేతికి రాగానే

1:50,000 అని ఉంటే ఎలా చదవాలి? సెంటీమీటర్లా, అంగుళాలా?

ఏదైనా సరే. పటం మీద ఒక వంతుకు నేల మీద అలాంటివే 50,000 వంతులని దాని అర్థం. పటం మీద ఒక అగ్గిపుల్ల పెడితే నేల మీద 50,000 అగ్గిపుల్లలు వరసగా పేర్చినంత దూరం. రెండు వైపులా కొలమానం ఒకటే కాబట్టి దాన్ని రాయరు. పాఠ్యపుస్తకాల్లో దీన్నే ప్రాతినిధ్య భిన్నం అంటారు. జవాబు పత్రాల్లో నేను ఎక్కువసార్లు కొట్టేసిన వాక్యం "1 సెం.మీ. = 50,000 కి.మీ." అన్నది. భూమి చుట్టుకొలతే దాదాపు 40,000 కిలోమీటర్లు!

లక్షల్లో లెక్కపెట్టే అలవాటున్న మనకు ఒక సులువు ఉంది. కిలోమీటరుకు సరిగ్గా లక్ష సెంటీమీటర్లు. కాబట్టి స్కేలులోని అంకె ఎన్ని లక్షలైతే పటం మీది ఒక్కో సెంటీమీటరు అన్ని కిలోమీటర్లు. 50,000 అంటే అర లక్ష, సెంటీమీటరుకు అర కిలోమీటరు. 2,50,000 అంటే రెండున్నర లక్షలు, సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్లు. సున్నాలు కొట్టేసే పని లేదు.

పెద్ద స్కేలు పటం అంటే ఎక్కువ ప్రాంతాన్ని చూపేదేనా?

కాదు, తిరగేసి గుర్తుపెట్టుకోవాలి. వస్తువులు పెద్దగా కనిపించేది పెద్ద స్కేలు పటం. గ్రామ పటం పెద్ద స్కేలు, గోడకు తగిలించే దేశ పటం చిన్న స్కేలు. 1/5,000 అనే భిన్నం 1/50,000 కన్నా పెద్దది కదా, అంతే.

సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటులో (ఊళ్లు, రోడ్లు, ఎత్తుపల్లాలు చూపే వివరమైన పటంలో) స్కేలు ఎక్కడ ఉంటుంది? షీటు నంబరును బట్టి చెప్పవచ్చా?

అడుగున, అంచులో ఉంటుంది. భిన్నం ఒకటి, దాని కింద కిలోమీటర్లుగా విభజించిన పట్టీ ఒకటి. ఈ పట్టీనే రేఖాత్మక స్కేలు అంటారు.

నంబరును బట్టి కూడా చాలావరకు చెప్పవచ్చు. హైదరాబాదు 56 కె షీటులో వస్తుంది. అంకె, అక్షరం మాత్రమే ఉంటే అది ఒక డిగ్రీ పొడవు, ఒక డిగ్రీ వెడల్పు ఉన్న షీటు. మెట్రిక్ ముద్రణ అయితే 1:2,50,000. ఆ చదరాన్ని 16 ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 15 నిమిషాల షీటు. 56 కె/11 లాంటి నంబరు దానిదే, స్కేలు 1:50,000. పాత ముద్రణల్లో ఇదే షీటు అంగుళానికి ఒక మైలు చొప్పున ఉంటుంది కాబట్టి నంబరు చూశాక కూడా అంచు చూడాల్సిందే.

పాత పటంలో "అంగుళానికి ఒక మైలు" అని ఉంది. దీన్ని భిన్నంగా మార్చడం ఎలా?

మైలులో 63,360 అంగుళాలు ఉంటాయి. కాబట్టి 1:63,360. సెంటీమీటరుకు సుమారు 634 మీటర్లు. అంగుళానికి నాలుగు మైళ్లు అయితే 1:2,53,440. దీన్ని 1:2,50,000గా తీసుకుంటే నూటికి ఒకటిన్నర వంతు కన్నా తక్కువ తేడా వస్తుంది. ప్రయాణానికి ఫరవాలేదు కానీ పరీక్షలో మార్కు పోతుంది.

స్కేలు ఉన్న అంచు చిరిగిపోయింది. పటం ఇక పనికిరానట్టేనా?

పక్క అంచుల మీద అక్షాంశాల గుర్తులు మిగిలి ఉంటే చాలు. తెలుగు రాష్ట్రాలున్న చోట ఒక నిమిషం అక్షాంశం నేల మీద సుమారు 1.844 కిలోమీటర్లు. అయిదు నిమిషాలకు 9.22 కిలోమీటర్లు. పటం మీద ఆ అయిదు నిమిషాల పొడవు 18.4 సెం.మీ. ఉందనుకోండి. 9,22,000 సెంటీమీటర్లను 18.4తో భాగిస్తే 50,000కు కాస్త పైన వస్తుంది. ఆ పటం 1:50,000ది.

రేఖాంశాలతో మాత్రం ఇలా చేయకండి. ఉత్తరానికి పోయే కొద్దీ అవి ఒకదానికొకటి దగ్గరవుతాయి. 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106.5 కిలోమీటర్లే, అక్షాంశం డిగ్రీ మాత్రం 110.7. టోపోషీటు నిమిషాల్లో చదరమైనా నేల మీద నిలువుగా పొడవైన దీర్ఘచతురస్రం కావడానికి కారణం ఇదే.

## కాగితం మీద దూరం కొలిచేటప్పుడు

రెండు ఊళ్ల మధ్య సరళరేఖలో దూరం కొలవడానికి మంచి పద్ధతి ఏది?

కొలబద్ద కన్నా కాగితం అంచు మేలు. తిన్నని అంచున్న కాగితాన్ని రెండు చోట్లకూ తాకేలా పెట్టి, చెక్కిన పెన్సిల్‌తో సన్నని గాట్లు పెట్టండి. ఆ కాగితాన్ని కిందికి దించి పట్టీ పక్కన ఆనించండి. కుడివైపు గాటును ఏదైనా పూర్తి కిలోమీటరు మీద ఉంచితే, ఎడమ గాటు సున్నాకు ఎడమ పక్కన ఉన్న చిన్న విభాగాల్లో పడుతుంది. కుడిది 6 కిలోమీటర్ల మీద, ఎడమది సున్నాకు అవతల 400 మీటర్ల మీద ఉంటే దూరం 6.4 కిలోమీటర్లు. పట్టీ ఎడమ చివర సున్నా ఉంటుందనుకుని అక్కడి నుంచి మొదలుపెట్టేవారికి ప్రతిసారీ ఒక కిలోమీటరు తక్కువ వస్తుంది. తరగతిలో కనీసం ఇద్దరు ఇలా చేస్తారు.

వంకర రోడ్డును, ఏరును కొలవడానికి దారం వాడమన్నారు. నాకు ప్రతిసారీ వేరే జవాబు వస్తోంది, ఎందుకు?

దారం సాగుతుంది కాబట్టి. పాలిస్టర్ దారం మరీ జారుతుంది. వాడాలనుకుంటే నూలు దారాన్ని కొద్దిగా తడిపి వంపుల వెంట పరచండి, కాగితానికి అంటుకుని కదలదు. తీసి కొలిచేటప్పుడు లాగకుండా పట్టీ మీద వదులుగా పరవండి. అసలు పటమైతే తడి దారం పెట్టవద్దు, నకలు మీదే.

నా ఓటు మాత్రం కాగితం అంచుకే. రోడ్డు మొదట్లో గాటు పెట్టి, తిన్నగా ఉన్నంత దూరం అంచును రోడ్డు వెంట ఉంచండి. వంపు వచ్చిన చోట మరో గాటు. అక్కడ పెన్సిల్ మొన ఆనించి కాగితాన్ని తర్వాతి ముక్క వెంట తిప్పండి. ఇలా చివరిదాకా వెళ్తే వంకర రోడ్డంతా ఒకే అంచు మీద తిన్నని వరసగా చేరుతుంది. మెలికల దగ్గర ముక్కలు ఎంత చిన్నవైతే జవాబు అంత నమ్మదగింది. రెండోసారి అటు చివర నుంచి ఇటు కొలిచి చూడండి. రెండు జవాబుల తేడాయే మీ చేతి తప్పిదం ఎంతో చెబుతుంది.

పటం మీద 11 కిలోమీటర్లు వచ్చింది, రోడ్డు మీది రాళ్ల లెక్కన 12. ఏది తప్పు?

రెండూ ఒప్పే కావచ్చు. పటం వేసేవారు చిన్న చిన్న మెలికలను సరిదిద్ది సాఫీ గీతగా వేస్తారు. 1:50,000 మీద 20 మీటర్ల మెలిక అంటే 0.4 మిల్లీమీటర్లు, అది గీత మందంలోనే మాయమవుతుంది. అందుకే చిన్న స్కేలు పటంలో రోడ్లూ నదులూ తీరరేఖలూ అసలు కన్నా పొట్టిగా తేలతాయి. పటం అచ్చయ్యాక రోడ్డు దారి మారి ఉండవచ్చు కూడా. షీటు అంచులో సర్వే చేసిన సంవత్సరం ఉంటుంది, చూడండి.

కొండ ఎక్కే దారికి పటం దూరం సరిపోతుందా? వాలును కలపాలా?

పటం చూపేది పైనుంచి చూసినప్పటి సమతల దూరం. వాలు వెంట దూరం కావాలంటే పైథాగరస్ సూత్రం చాలు. పటం మీద సమతల దూరం 400 మీటర్లు, కాంటూర్ రేఖలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) లెక్కపెడితే ఎత్తులో తేడా 300 మీటర్లు అనుకుందాం. వాలు దూరం 500 మీటర్లు.

అయితే ఇది బాగా నిటారైన వాలు. మామూలుగా కిలోమీటరుకు 100 మీటర్లు లేచే దారిలో వాలు దూరం 1,005 మీటర్లే, అంటే అయిదు మీటర్ల తేడా. ఘాట్ రోడ్డు దూరాన్ని పెంచేది ఎక్కువగా మలుపులే.

పటాన్ని జిరాక్స్ తీస్తే స్కేలు మారుతుందా?

పరిమాణం మారితే స్కేలు కూడా మారుతుంది. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. ఏ3 కాగితాన్ని ఏ4కు కుదిస్తే పొడవులు నూటికి సుమారు 71 వంతులవుతాయి. 1:50,000 పటం అప్పుడు దాదాపు 1:70,700 అవుతుంది. అయినా నకలు మీద అచ్చు మాత్రం "1:50,000" అనే ఉంటుంది. అంకె అబద్ధమాడుతుంది. పట్టీ ఆడదు, ఎందుకంటే పటంతో పాటు అదీ కుదించుకుపోతుంది.

నేను ఒకసారి నకలు తీయించుకుని, అంకె చూసి లెక్క కట్టి, చెరువు కట్ట పొడవు తప్పు చెప్పాను. తర్వాత పట్టీని కొలిస్తే కిలోమీటరుకు 2 సెం.మీ. ఉండాల్సింది 1.9 ఉంది. కాగితంలో పట్టేలా యంత్రం దానంతటదే కొంచెం కుదించింది. నూటికి అయిదు వంతులు పొట్టిదనం కంటికి తెలియదు. అప్పటి నుంచి ఏ నకలు చేతికొచ్చినా ముందు పట్టీ మీద కొలబద్ద పెట్టాకే మిగతా మాట. పట్టీ లేని పటమైతే, కుదించే ముందే మీరే ఒక మూల 10 సెం.మీ. గీత గీసి పెట్టండి. నకలులో ఆ గీత ఎంతైందో కొలిస్తే కొత్త స్కేలు తేలుతుంది.

## గ్రామ పటం, పొలం కొలతలు

గ్రామ పటం మీద "16 అంగుళాలకు ఒక మైలు" అని ఉంది. మీటర్లలో ఎంత?

భిన్నంగా రాస్తే 1:3,960. అంగుళానికి 330 అడుగులు, అంటే 5 గొలుసులు. సెంటీమీటరుకు 39.6 మీటర్లు. దీన్ని 40 అనుకుని నోటిలెక్క వేసుకున్నా నూటికి ఒక వంతు తేడాయే.

లింకులు, సెంట్లు, గుంటలు, మీటర్లు: ఒకదాని నుంచి ఒకదానికి ఎలా?

సర్వే గొలుసు 66 అడుగులు, దానిలో 100 లింకులు. ఒక లింకు 7.92 అంగుళాలు, మీటర్లలో సుమారు 0.201. ఆ కొలతలో ఉన్న చక్కదనం ఏమిటంటే, లక్ష చదరపు లింకులు ఒక ఎకరం, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. పొలం 400 లింకుల పొడవు, 250 లింకుల వెడల్పు ఉంటే గుణించగానే లక్ష, అంటే ఒక ఎకరం. మీటర్లలోకి మార్చి మళ్లీ ఎకరాల్లోకి తెచ్చే తంటా లేదు.

తెలంగాణలో లెక్క గుంటల్లో ఉంటుంది. 33 అడుగుల చదరం ఒక గుంట, అంటే 121 చదరపు గజాలు. ఎకరానికి 40 గుంటలు. ఒక సెంటు 48.4 చదరపు గజాలు కాబట్టి గుంటకు సరిగ్గా రెండున్నర సెంట్లు.

దూరాన్ని స్కేలుతో గుణించినట్టే విస్తీర్ణాన్నీ గుణించవచ్చా?

ఒకసారి కాదు, రెండుసార్లు గుణించాలి. 1:5,000 పటం మీద సెంటీమీటరు 50 మీటర్లు. చదరపు సెంటీమీటరు 50 × 50, అంటే 2,500 చదరపు మీటర్లు, ఎకరాల్లో సుమారు 62 సెంట్లు. స్కేలు నకలులో నూటికి అయిదు వంతులు తప్పితే విస్తీర్ణం దాదాపు పది వంతులు తప్పుతుంది.

నక్షా మీద కొలిచి గట్టు ఎక్కడుండాలో నేనే తేల్చుకోవచ్చా?

వద్దు. 1:5,000 మీద పెన్సిల్ గీత అర మిల్లీమీటరు మందం ఉంటే నేల మీద రెండున్నర మీటర్లు. పక్కవారితో తగవుకు ఆ గీత మందమే సరిపోతుంది. గ్రామ పటం పొలం ఎక్కడుందో చూసుకోవడానికి. హద్దుకు ఆధారం పొలం కొలతలు రాసి ఉంచే సర్వే రికార్డు, అంటే ఆంధ్రలో ఎఫ్.ఎం.బి. (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్), తెలంగాణలో టిప్పన్. వాటి మీద రాసి ఉన్న కొలతలే చెల్లుతాయి. అక్కడ కూడా గీతను కొలవకండి, రాసిన అంకెను చదవండి. నేల మీద ఆ అంకెలను పెట్టడం సర్వేయరు పని.

## వైమానిక ఫొటో దగ్గరికి వచ్చాక

విమానం నుంచి తీసిన ఫొటో కూడా పటమే కదా, స్కేలు ఎందుకు రాయరు?

ఫొటో అంతటికీ ఒకే స్కేలు ఉండదు కాబట్టి. పటంలో ప్రతి చోటూ నిట్టనిలువుగా పైనుంచి చూసినట్టు గీస్తారు. ఫొటో మాత్రం ఒకే కటకం చూసిన చూపు. కెమెరాకు దగ్గరగా ఉన్న గుట్ట పైభాగం పెద్దగా, దూరంగా ఉన్న లోయ చిన్నగా పడతాయి. విమానం కాస్త ఒరిగితే ఒక అంచు ఇంకో అంచు కన్నా పెద్దదవుతుంది. అందుకే ఫొటో విషయంలో మనం మాట్లాడేది సగటు స్కేలు గురించి.

నాభ్యంతరం (కెమెరా కటకం ఫోకల్ లెంగ్త్), ఎగిరిన ఎత్తు ఇచ్చారు. స్కేలు ఎలా కట్టాలి?

విమానం సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో దానిలోంచి నేల ఎత్తును తీసేయండి. వచ్చినదాన్ని కెమెరా నాభ్యంతరంతో భాగించండి. రెండూ మీటర్లలో ఉండాలి.

సర్వే కెమెరాల్లో బాగా వాడుకలో ఉన్న నాభ్యంతరం 152 మిల్లీమీటర్లు, అంటే 0.152 మీటర్లు. విమానం సముద్రమట్టానికి 5,100 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. కింద హైదరాబాదు, నేల ఎత్తు సుమారు 540 మీటర్లు. 5,100 – 540 = 4,560. దాన్ని 0.152తో భాగిస్తే 30,000. స్కేలు 1:30,000. అదే విమానం అదే ఎత్తున సముద్రపు ఒడ్డునున్న మచిలీపట్నం మీదికి వస్తే 5,100ను 0.152తో భాగించాలి, సుమారు 33,550. ఎత్తుమీటరు కదలలేదు, స్కేలు మాత్రం మారింది. నేల ఎత్తు తీసేయడం మరిచిపోవడమే ఈ లెక్కలో అందరూ చేసే తప్పు.

పాత ఫిల్మ్ ఫొటోల అంచున చిన్న గడియారం, ఎత్తుమీటరు, నీటిబుడగ బొమ్మలు పడి ఉంటాయి. కావలసిన అంకెలు అక్కడే దొరకవచ్చు.

ఎత్తూ తెలియదు, నాభ్యంతరమూ తెలియదు. ఫొటో ఒక్కటే ఉంది. మార్గముందా?

ఫొటోలో పొడవు తెలిసిన వస్తువును వెతకండి. విజయవాడ ఫొటో అయితే ప్రకాశం బ్యారేజీ ఉంది, పొడవు 1,223.5 మీటర్లు. ఫొటోలో అది 6.1 సెం.మీ. కొలిస్తే 1,223.5ను 0.061తో భాగించండి. సుమారు 20,060, అంటే దాదాపు 1:20,000.

అలాంటిదేమీ లేకపోతే టోపోషీటు తీయండి. రెండింటిలోనూ స్పష్టంగా దొరికే రెండు రోడ్డు కూడళ్లను ఎంచుకోండి. 1:50,000 షీటులో వాటి మధ్య 4.2 సెం.మీ. అంటే 2,100 మీటర్లు. ఫొటోలో 10.5 సెం.మీ. ఉంటే 2,100ను 0.105తో భాగించగా 20,000. ఎంచుకునే బిందువులు ఒకే ఎత్తు నేల మీద, ఫొటో మధ్యభాగానికి అటొకటి ఇటొకటి ఉండాలి. విమానం ఒరగడం వల్ల వచ్చే తేడా అప్పుడు చాలావరకు సర్దుకుంటుంది. చెట్టు, చెరువు అంచు, ఏటి గట్టు పనికిరావు. ఏడాదికి ఒక చోట ఉంటాయి.

గుట్టలు, భవనాలు పక్కకు వాలినట్టు ఎందుకున్నాయి? దూరం మీద ప్రభావం ఉంటుందా?

ఫొటో కేంద్రం నుంచి దూరమయ్యే కొద్దీ ఎత్తైనవాటి శిరస్సులు బయటి అంచు వైపు జరుగుతాయి. ఎంత జరిగిందో తేలాలంటే, కేంద్రం నుంచి ఆ శిఖరం దాకా ఫొటో మీది దూరాన్ని గుట్ట ఎత్తుతో గుణించి, గుట్ట అడుగు నుంచి విమానం ఎత్తుతో భాగించాలి.

గోల్కొండ గుట్ట ఎత్తు సుమారు 120 మీటర్లు. అది ఫొటోలో కేంద్రానికి 9 సెం.మీ. దూరాన పడిందనుకోండి, విమానం 4,560 మీటర్ల పైన ఉంది. 9 × 120 ÷ 4,560 అంటే సుమారు 0.24 సెం.మీ. 1:30,000 ఫొటోలో ఆ రెండున్నర మిల్లీమీటర్ల లోపు జరుగుబాటే నేల మీద 70 మీటర్లు దాటుతుంది. కాబట్టి గుట్టల మీది బిందువుల మధ్య దూరాన్ని ఒక్క ఫొటో మీద కొలబద్ద పెట్టి చెప్పకండి. గుట్ట అడుగుల మధ్య కొలవండి.

ఒక్క ఫొటోలో ఎంత ప్రాంతం పడుతుంది?

ఫిల్మ్ ఫొటో ఒక పక్క 23 సెం.మీ. 1:30,000 అయితే 6.9 కిలోమీటర్లు, విస్తీర్ణం సుమారు 47.6 చదరపు కిలోమీటర్లు. కానీ వరస ఫొటోలను నూటికి 60 వంతులు ఒకదానిమీద ఒకటి పడేలా తీస్తారు, ఎత్తుపల్లాలను త్రిమితీయంగా చూడటానికి. అందువల్ల ఒక్కో కొత్త ఫొటోతో ముందుకు కలిసొచ్చేది 2.76 కిలోమీటర్లే.

డ్రోన్ చిత్రం మీద నేరుగా కొలవవచ్చంటున్నారు, నిజమేనా?

ఆర్థో చిత్రం అయితే నిజమే. ఒరుగులను, ఎత్తుల వల్ల వచ్చిన జరుగుబాట్లను కంప్యూటర్‌లో సరిచేసి పటంలా మార్చినదాన్ని అలా అంటారు. 2020 ఏప్రిల్‌లో మొదలైన స్వామిత్వ పథకంలో ఊళ్లలోని ఇళ్ల స్థలాల పటాలు డ్రోన్ చిత్రాల నుంచే తయారవుతున్నాయి. వీటికి స్కేలు బదులు పిక్సెల్ కొలత చెబుతారు. ఒక పిక్సెల్ నేల మీద 5 సెం.మీ. అయితే 200 పిక్సెళ్లు 10 మీటర్లు. సరిచేయని మామూలు డ్రోన్ ఫొటోకు ఈ మాట వర్తించదు. మేడ పైకప్పు మూల నుంచి కొలిస్తే ప్రహరీ ఎక్కడో తేలుతుంది.

## తెర మీద చూసేటప్పుడు

ఫోనులో తెరిచిన టోపోషీటు మీద కొలబద్ద పెట్టి 1:50,000తో లెక్క కట్టవచ్చా?

కుదరదు. వేళ్లతో పెద్దది చేసిన క్షణమే ఆ అంకె పోయింది. తెర మీద పటంతో పాటు పట్టీ కూడా కనిపించేలా ఉంచి, కదపకుండా, దానితోనే పోల్చుకోండి.

ఆన్‌లైన్ పటంలో ఒకే జూమ్‌లో హైదరాబాదునూ లండన్‌నూ చూస్తే లండన్‌లో దూరాలు తక్కువగా చూపుతోంది. లోపమా?

లోపం కాదు. ఈ పటాలు ఎక్కువగా మెర్కేటర్ పద్ధతిలో ఉంటాయి. భూమధ్యరేఖ నుంచి దూరమయ్యే కొద్దీ నేల సాగినట్టు కనిపిస్తుంది. 17 డిగ్రీల దగ్గర ఆ సాగుడు నూటికి నాలుగున్నర వంతులే, లండన్ దగ్గర 60 వంతులు. హైదరాబాదులో తెర మీది సెంటీమీటరు ఒక కిలోమీటరైతే, అదే జూమ్‌లో లండన్‌లో సుమారు 650 మీటర్లు. అక్కడ ఉంటున్న మీ అబ్బాయి ఇంటి నుంచి స్టేషనుకు దూరం మన కాలనీ పటంతో పోల్చి చెప్పకండి. పటంలోని దూరం కొలిచే సాధనం భూమి గుండ్రదనాన్ని లెక్కలోకి తీసుకుంటుంది, దాన్నే వాడండి.

ఈ కొలతలకు ఏమేం కొనాలి?

పారదర్శకమైన కొలబద్ద, జామెట్రీ బాక్సులోని విభాగిని, గట్టి మొన ఉన్న 2హెచ్ పెన్సిల్, భూతద్దం. వంకర గీతల మీద దొర్లించే చక్రపు కొలత పరికరం దొరుకుతుంది కానీ దానికి డబ్బు పెట్టనవసరం లేదు. కాగితం అంచు పద్ధతికి మాత్రం నోటుబుక్కు కాగితం మెత్తబడిపోతుంది. నేను వాడేది పాత శుభలేఖల అట్ట. అంచు తిన్నగా ఉంటుంది, గాటు స్పష్టంగా పడుతుంది, వెనకవైపు లెక్క వేసుకోవడానికి చోటూ ఉంటుంది.